తాతయ్యకు వచ్చిన ఒకే ఒక్క కల

మొన్న ఉదయం తాడేపల్లిగూడెంలో ప్యాసింజర్ ఎక్కి ఏలూరులో ఆఫీసుకు వెళుతుంటే, నా ఎదుటి సీట్లో కాలేజీ అమ్మాయి ఒకతె కిటికీకి తల ఆనించుకుని, తెల్లవారుజామున తనకు వచ్చిన కలను ఫోనులో టైపు చేసి, దాని అర్థమేమిటో ఆ ఫోనునే అడుగుతోంది. వచ్చిన జవాబును పక్కనున్న స్నేహితురాలికి చదివి వినిపిస్తుంటే నా చెవిన కూడా పడింది. పళ్ళు ఊడిపోయినట్టు కలట. మనసులో ఏదో ఆందోళన ఉండి ఉంటుందనీ, పడుకునే ముందు కాఫీ తాగవద్దనీ ఫోను చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను చేతిలో పుస్తకం తెరుచుకునే కూర్చున్నాను కానీ భీమడోలు దాటేదాకా ఒక్క పేజీ తిప్పలేదు. మా అమ్మమ్మే ఉంటే, ముందు ఆ పళ్ళు పై వరసవా కింద వరసవా అని అడిగి ఉండేది కదా అనిపించింది.

కలలు జరగబోయేది చెబుతాయా అని నన్నెవరైనా అడిగితే ఇప్పటికీ తేల్చి చెప్పలేను. నలుగురిలో నోరు విప్పలేని మనిషిని కావడం వల్ల చిన్నప్పటినుంచీ డైరీ రాసుకోవడం అలవాటైంది, అందులో అప్పుడప్పుడూ కలలు కూడా రాస్తుంటాను. వాటిలో నిజమైనవి లేకపోలేదు కానీ, అవి చుట్టాలొస్తారనో వాన పడుతుందనో అన్నంత చిన్నవి. మా ఇంట్లో ఒక మనిషి ప్రాణం ఒకప్పుడు కలల మీద ఆధారపడి ఉండిన సంగతి తెలుసు కాబట్టి, వాటిని నవ్వి వదిలేయడమూ నాకు చేతకాదు.

అమ్మమ్మగారి ఊరు కొల్లేటి అంచున, కొల్లేటికోటకు ఇవతల. దసరా సెలవులకు మేము వెళ్ళేసరికి చేలన్నీ పచ్చగా, ఆకాశం కడిగినట్టుగా ఉండేది. కిక్కిస గడ్డి వెనకనుంచి గూడబాతులు లేస్తుంటే అవి పక్షులో తెల్లటి మబ్బు తునకలో తెలిసేది కాదు. ఆ ఊళ్ళో పొద్దున కాఫీ తాగేటప్పుడు అమ్మమ్మ అందరినీ ఒక్కొక్కరినీ కలల గురించి అడిగేది. నా ఈడు వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి పెద్దావిడ ఒకరు ఉండే ఉంటారు. తేటనీళ్ళు కనిపిస్తే మంచిది, బురదనీళ్ళు కనిపిస్తే జబ్బు. తలకు నూనె రాసుకున్నట్టు వస్తే చెడ్డది. అన్నిటికన్నా చిత్రమైనవి రెండుండేవి. ఎవరికైనా పెళ్ళవుతున్నట్టు కల వస్తే వాళ్ళ ప్రాణానికి ముప్పు, ఎవరైనా చనిపోయినట్టు కల వస్తే వాళ్ళకు ఆయుష్షు పెరిగినట్టు. చెడ్డకల వస్తే ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పారే నీళ్ళకు చెప్పాలి. చెబితే ఆ కల కాలవలోంచి కొల్లేట్లోకీ, అక్కడినుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకీ పోయి కలిసిపోతుందని అమ్మమ్మ నమ్మకం. తెల్లవారి కాలవ రేవులో ఎవరైనా ఆడమనిషి ఒంటరిగా వంగి పెదవులు కదుపుతుంటే, ఆ ఊళ్ళో ఎవరూ పలకరించేవారు కాదు.

తాతయ్యకు మాత్రం కలలే రావు. వరిచేలూ చేపల చెరువూ చూసుకుని సాయంత్రానికి ఇంటికి చేరే మనిషి. అమ్మమ్మ అడిగినప్పుడల్లా, “పడుకుంటే తెల్లారిపోద్దే నాకు, మధ్యలో ఏవీ ఉండదు” అనేవారు. ఆ మాటకు అమ్మమ్మ, ఏదో తక్కువైన పిల్లవాడిని చూసినట్టు జాలిగా చూసేది.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడాది తాతయ్యకు పొట్టలో గడ్డ ఉందని తేలింది. ఆలస్యం చేయకుండా తీసేయాలి, లేకపోతే మనిషి దక్కడని ఏలూరులో డాక్టరుగారు చెప్పారు. శ్రావణంలో ఆపరేషనుకు రోజు పెట్టుకున్నారు. ఆ ముందురోజు తెల్లవారుజామున అమ్మమ్మకు ముందుపన్ను ఊడి అరచేతిలో పడినట్టు కల వచ్చింది. ఆపించేసింది. మళ్ళీ భాద్రపదంలో పెట్టుకుంటే, ఈసారి తాతయ్య తలనిండా నూనె రాసుకుని దక్షిణం వైపు నడిచిపోతున్నారట, పిలిస్తే వెనక్కి తిరగడం లేదట. అదీ ఆగిపోయింది. మేము దసరాకు వెళ్ళేసరికి ఆయన చొక్కా వేరే వాళ్ళది వేసుకున్నట్టు వేలాడుతోంది. చెరువు గట్టుమీద నడుస్తూ నడుస్తూ ఆగి, ఎవరూ చూడకుండా పొట్టమీద చెయ్యి పెట్టుకునేవారు.

“కలలు చూసి ఆపరేషన్లు ఆపుకుంటారా అమ్మా, ఎక్కడన్నా?” అని మావయ్య గింజుకునేవాడు.

“నీకేం తెలుస్తుందిరా, గ్లాసు చప్పుడైతేగానీ లేవనోడివి” అని అమ్మమ్మ ఎదురు దెబ్బలాడేది, ఆ వెంటనే కొంగు కళ్ళకు ఒత్తుకునేది.

తాతయ్య బలవంతంగానైనా వెళ్ళిపోవచ్చు కదా అని మా అమ్మ అంది. ఆయన వినలేదు. ఆవిడ అలా గుమ్మంలో ఏడుస్తుంటే తాను కారెక్కలేనన్నారు. ఆవిడ సరేనంటేనే వెళ్ళడం. దసరా వెళ్ళాక మూడోసారి రోజు పెట్టారు. ఇక ఇంట్లో అందరూ ఒక మంచి కల కోసం ఎదురుచూడడం మొదలుపెట్టారు. చదువుకున్న మావయ్య కూడా పొద్దున్నే లేచి, “ఎవరికన్నా ఏవన్నా వచ్చిందా?” అని అడగడం నాకు గుర్తు.

నాకు వచ్చింది. చేల మధ్యలో పందిరి, పసుపు బట్టల్లో తాతయ్య, నుదుటిన బాసికం, దూరంగా ఎక్కడో సన్నాయి, పందిరి గుంజలకు కట్టిన అరటిచెట్ల మధ్యనుంచి కొల్లేటి నీళ్ళు మెరుస్తున్నాయి. అంత అందమైన కల మళ్ళీ నాకు ఎప్పుడూ రాలేదేమో. కలలో నేను ఎంత సంతోషపడ్డానో, మెలకువ వచ్చాక అంత వణికాను. అమ్మమ్మ అడిగితే తల అడ్డంగా ఊపాను. మాట్లాడని పిల్లనని పేరుంది కాబట్టి ఎవరూ రెట్టించలేదు. కాఫీలు కాగానే కాలవ రేవులోకి వెళ్ళి, ఆఖరి మెట్టుమీద కూర్చుని, నీళ్ళకు చెప్పడం మొదలుపెట్టాను.

“నీళ్ళతో ఏంటే ముచ్చట్లు, అమ్మలూ?”

తాతయ్య. వేపపుల్ల నములుతూ నా వెనక మెట్టుమీద నిలబడి ఉన్నారు. ఆ ఊరి మర్యాద ప్రకారం ఆయన పలకరించకూడదు, అయినా పలకరించారు. నేను బిక్కచచ్చిపోయాను. ఆయన మెల్లగా నా పక్కన కూర్చుని, “చేపలకేనా చెప్పేది, ముసలోళ్ళకి చెప్పవా?” అన్నారు. అంతే, ఏడుస్తూ మొత్తం చెప్పేశాను.

ఆయన నా వైపు తిరిగారు. “పెళ్ళికూతురెవరే?”

“అమ్మమ్మే.”

“హమ్మయ్య. ఇంకెవరన్నా అయ్యుంటే మీ అమ్మమ్మతో నా పని అక్కడే అయిపోయేది” అని నవ్వించారు. ఆ తరవాత, “ఇది నీకూ నాకూ కాలవకీ తెలుసు. ఇంకో మనిషికి వద్దు” అన్నారు. వెంటనే లేవలేదు. పుల్ల నమలడం మరిచిపోయి, అవతలి ఒడ్డువైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు కాఫీలప్పుడు, అమ్మమ్మ ఇంకా ఎవరినీ అడగకముందే ఆయనే అందుకున్నారు.

“ఇదిగో, నాకు కల వచ్చిందే.”

అందరం గ్లాసులు దించేశాం. “మీకా? కలా?” అంది అమ్మమ్మ.

“చచ్చిపోయాను.”

అమ్మమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. గొంతు తగ్గించి, “పూర్తిగానేనా అండీ?” అని అడిగింది.

“పూర్తిగానే. పాడె కూడా కట్టేశారు. జంగారెడ్డిగూడెం నించి మీ తమ్ముడొచ్చాడు. వస్తానే భోజనాలెప్పుడని అడిగాడు.”

“వాడంటే మీకెప్పుడూ ఏడుపే. కల్లో కూడా వదల్లేదా వాణ్ణి?”

“నేనేం చేసేది, కల అలా వచ్చింది. నీ కొడుకేమో ఫోన్లో మాట్లాడుకుంటా నడుస్తున్నాడు, నిప్పుల కుండ నించి పొగొచ్చి నాకు ఒకటే దగ్గు.”

“నేను? నేనేడ్చానా?”

“నువ్వా? నువ్వెక్కడ ఏడిచావే. వచ్చినాళ్ళకి కాఫీలు అందాయో లేదో చూస్తా తిరుగుతున్నావు.”

మావయ్య నవ్వు ఆపుకోలేక లేచి దొడ్లోకి వెళ్ళాడు. మా అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది, అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. అమ్మమ్మ ఒక్కతే నవ్వకుండా తాతయ్య ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. చివరికి, “తెల్లారుగట్టేనా వచ్చింది?” అని అడిగింది.

“కోడి కూస్తంటేనే లేచాను.”

“అయితే ఆయుష్షు పెరిగినట్టే” అని అమ్మమ్మ లేచి నిలబడింది. దొడ్లోకి వినపడేటట్టు, “ఒరే, డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పరా, వస్తున్నామని” అని కేకేసింది. కారెక్కేటప్పుడు గుమ్మంలో ఏడవలేదు. ఆయన పక్కన తనే ఎక్కి కూర్చుంది.

సెలవులు అయిపోయినా మేము అక్కడే ఉండిపోయాం, వాళ్ళు ఏలూరులో ఉన్నన్ని రోజులూ నేను రేవులోనే ఉన్నాను. ఆ ఏడాది కాలవనిండా గుర్రపుడెక్క పట్టి, నీళ్ళు కదులుతున్నాయో లేదో కనిపించేది కాదు. పోతూ పోతూ నా కల ఆ ఆకుల కింద ఎక్కడో చిక్కుకుపోయి ఉంటుందని భయం. ఊదారంగు పువ్వు ఒకదాన్ని గుర్తుపెట్టుకుని, అది కాస్తయినా దిగువకు జరిగిందా అని కళ్ళార్పకుండా చూసేదాన్ని. చూస్తూ చూస్తూ మెట్టుమీదే కునికితే కాలవంతా పూలపందిరిగా మారిపోయేది, ఉలిక్కిపడి లేచేదాన్ని. ఒక సాయంత్రం మా అమ్మ పరుగున రేవులోకి వచ్చి, తాతయ్య కళ్ళు తెరిచారనీ, తెరవగానే మజ్జిగ అడిగారనీ చెప్పింది. ఆ పువ్వు ఎటుపోయిందో తరవాత చూడలేదు.

ఆయన ఆ తరవాత చాలా ఏళ్ళు బతికారు. అమ్మమ్మ తమ్ముడు, జంగారెడ్డిగూడెం తాతగారు, వచ్చినప్పుడల్లా తాతయ్య ఆ కలను కొత్త సంగతులు చేర్చి మళ్ళీ చెప్పేవారు. ఆ తాతగారు అలిగి భోజనం మానేస్తానని బెదిరించి, రెండోసారి పెరుగు వేయించుకునేవారు. నాకు వచ్చిన పెళ్ళికల మాట తాతయ్య ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను ఇంటర్‌లో ఉండగా, ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడక్కుర్చీలో ఒరిగి, అలాగే వెళ్ళిపోయారు. ముందుగా ఎవరికీ ఏ కలా రాలేదు. పోయిన చెవి పోగు ఎక్కడుందో, గేదె ఏ దూడను ఈనుతుందో చెప్పిన కలలు ఇంత పెద్ద సంగతి చెప్పలేదని అమ్మమ్మకు కోపం వచ్చిందనుకుంటాను. ఆ తరవాత కాఫీలప్పుడు ఎవరినీ ఏమీ అడిగేది కాదు.

ఆవిడ పోయేముందు కొన్నాళ్ళు తాడేపల్లిగూడెంలో మా దగ్గరే ఉంది. ఒకరోజు బాల్కనీలో కూర్చుని ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అడిగేశాను. తాతయ్యకు ఆ రోజు నిజంగా కల వచ్చిందనే అనుకున్నావా అని.

అమ్మమ్మ చెయ్యి ఆపలేదు. “ఆ రాత్రి ఆయన కన్ను మూస్తే కదే, కల రావడానికి? పక్కనే ఉన్నానుగా. తెల్లార్లూ అటూ ఇటూ దొర్లారు. నేను పడుకున్నాననుకుని పెదాలు కదుపుతా కతంతా అల్లుకున్నారు. మా తమ్ముడి ముక్క దగ్గరికొచ్చేసరికి ఆయనకే నవ్వొచ్చి, తలగడ నోట్లో కుక్కుకున్నారు” అంది.

“మరెందుకు ఒప్పుకున్నావు అమ్మమ్మా?”

“లోపల అంత భయం పెట్టుకుని కూడా వెళ్తానంటున్నారు. నా కోసం అన్ని అబద్ధాలాడారు. ఇంకెలా ఆపనే?” అని, ఒలిచిన గింజలు నా పళ్ళెంలో పోసింది.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరి గది వాళ్ళది. తలుపులు మూసి ఉంటాయి, లోపల ఏసీ చప్పుడు ఉంటుంది. పొద్దున్నే బాగా నిద్రపట్టిందా అని ఒకరినొకరం అడుగుతాం, అందరం పట్టిందనే చెప్పి ఎవరి బస్సుకో రైలుకో వాళ్ళం పరుగెత్తుతాం. ఈమధ్య నాన్న ముఖం పీక్కుపోయినట్టు కనిపిస్తే ఏమిటని అడిగాను, ఏమీ లేదమ్మా, ఏదో పాడుకల అన్నారు. కల వచ్చిందో, అసలు నిద్రే రాలేదో, గోడకు ఇవతల పడుకున్న నాకెలా తెలుస్తుంది?