పాలు గడ్డకట్టకముందే

మలయాకు స్వాతంత్ర్యం రావడానికి రెండేళ్ల ముందు మాట. అడవుల్లో తిరుగుబాటుదారులతో సైన్యం పోరాడుతున్న ఎమర్జెన్సీ రోజులవి. నాకు పదహారేళ్లు. బంటింగ్ దగ్గర రబ్బరు తోటలో ఉండేవాళ్లం. సెలవుల్లో కుర్రాళ్లకిచ్చే సైనిక శిక్షణకు దరఖాస్తు పెట్టాను. ఫలితం రాకముందే నాన్న తోట రామాలయంలో పులిహోర పంచేశాడు. తీరా చూస్తే ఎంపిక కాలేదని ఉత్తరం వచ్చింది.

రాత్రంతా ఏడ్చి, ఎవరికీ మొహం చూపించలేక, మర్నాడు పొద్దున్నే అమ్మ వెంట రబ్బరు చెట్ల బెరడు గీసి పాలు తీయడానికి పోయాను. చెట్లకు కట్టిన కప్పుల్లో రబ్బరు పాలు నిండుతుండగా దగ్గర్లోనే తుపాకులు పేలాయి. అమ్మ నన్ను కాలవలోకి తోసి, నా మీద పడుకుంది. చప్పుడు ఆగగానే లేచి బకెట్ అందుకుంది. నేను లేవలేకపోయాను. నా లాగు తడిసిపోయింది.

"ఏటలా సూస్తన్నావు? లెగు. పాలు గడ్డకట్టిపోతాయి" అంది.

చెట్టుచెట్టుకీ వంగి, చుక్క ఒలకకుండా కప్పులన్నీ బకెట్లోకి వంపింది. అటుగా వచ్చిన సైనికులు కూడా ఆగి చూశారు. నేను నోరు తెరుచుకుని వెనకే నడిచాను.

ఇంటికొచ్చి టీ గ్లాసు అందుకోబోతే అమ్మ చేతులు గడగడా వణికాయి. అంతసేపూ ఆవిడకీ నాకున్నంత భయమేనని అప్పుడు తెలిసింది. గ్లాసు నేనే పట్టుకుని తాగించాను. ఆ శిక్షణ కోసం మళ్లీ ఏడవలేదు.