గాట్లు పడిన పొయ్యి

మా ఒంగోలులో పెద్ద టైల్స్ కొత్తగా వేయించుకుంటున్న రోజులవి. నేను టైల్స్ మేస్త్రీని. ఒకరింట్లో మర్నాడు గృహప్రవేశం అనగా, ఆఖరి గదిలో టైల్స్ కోసే నా కట్టర్ బ్లేడు మొద్దుబారింది. డైమండ్ బ్లేడుకి సాన పట్టరు, ఇటుకని కోస్తే పదును తిరిగొస్తుంది. గోడకి ఆనించిన మూడు ఇటుకల్లో ఒకటి లాగి గబగబా గాట్లు పెట్టాను. తిరగేస్తే గోడవైపు ముఖాన పసుపు, కుంకుమ!

"అయ్యో, పాలు పొంగించే పొయ్యి ఇటుక కదయ్యా అది!" అంది ఇంటావిడ. వేరే ఇటుక తెస్తానన్నాను. "బొట్టు పెట్టాక మారుస్తామా?" అంది.

మర్నాడు చుట్టాలంతా "పొయ్యికి ఈ గాట్లేంటి?" అంటుంటే, "మా మేస్త్రీ గారి చేతి పనే" అని నావైపు చూపించింది. పాలు పొంగాయి. నేను తలెత్తి చూస్తే కదా!

ఇప్పటికీ ఇటుక తిరగేసి చూడందే బ్లేడు ఆనించను.