ఇనుముకు అంటుకున్న హైడ్రోజన్

ఓడలో మూడు నెలలు ప్రయాణం చేసి వచ్చిన రసాయన పత్రిక ఈ రోజు మా కాలేజీ లైబ్రరీకి చేరింది. అందులో ఐరన్ కార్బొనిల్ హైడ్రైడ్ మీద వ్యాసం చదివాక మధ్యాహ్నం క్యారియర్ విప్పబుద్ధి కాలేదు.

ఇనుము చుట్టూ నాలుగు కార్బన్ మోనాక్సైడ్లు, రెండు హైడ్రోజన్లు ఉండే పదార్థం అది. ఆమ్లంలా హైడ్రోజన్‌ను వదిలేస్తుంది కాబట్టి, ఆ హైడ్రోజన్ మోనాక్సైడ్‌లోని ఆక్సిజన్‌కే అంటుకుని ఉంటుందని మా గురువుగారు నోట్సు చెప్పారు. పదేళ్లుగా నేనూ అదే చెబుతున్నాను. కాదు, అది తిన్నగా ఇనుముకే అంటుకుని ఉందని పత్రిక తేల్చేసింది.

మూడేళ్ల కిందట సుగుణ అనే అమ్మాయి సెలక్షన్ పరీక్షలో సరిగ్గా ఇదే రాసింది. ఎర్రసిరాతో కొట్టేశాను. మార్కులు చాలక ఆ ఏడు ఆమెను యూనివర్సిటీ పరీక్షకు పంపలేదు.

సాయంత్రం బ్రాడీపేటలో ఆమె పాఠాలు చెప్పే బడికి వెళ్లాను.

"అప్పుడు నువ్వు రాసిందే నిజమమ్మా," అన్నాను.

"నాకు తెలుసండి మాస్టారూ. కానీ పాసవ్వాలి కదండీ? మరుసటేడు మీ నోట్సు మక్కికి మక్కి దించేశాను. వెరీగుడ్ అన్నారు మీరు," అంది నవ్వుతూ.

ఆ నవ్వు ఇంకా గుచ్చుకుంటోంది.

రేపు మూడో పీరియడ్‌లో మళ్లీ అదే పాఠం. నిజం చెబితే యూనివర్సిటీ పేపర్లు దిద్దే పెద్దమనిషి నా పిల్లలకు సున్నా చుడతాడు. ఆయనా మా గురువుగారి శిష్యుడే.

ఈ కాగితం స్టాఫ్‌రూమ్ గోడకు అంటిస్తున్నాను. ఏం చెప్పమంటారో కింద రాయండి. నోట్సు చూసి మాత్రం రాయకండి.