అవ్వ వేళ్ల బూడిద

మా నాయన ధర్మవరంలో రెండో పట్టుచీరల కొట్టు తెరిచిన రోజు పూజారి నా అరచేతిలో విభూతి పెట్టాడు. ఆ వాసనకు అవ్వ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మాకు సొంత మగ్గం లేదు. అవ్వ ఊళ్లోవాళ్ల మగ్గాల దగ్గర కూలికి కూర్చుని, వేళ్లు బూడిదలో అద్దుకుంటూ, అయిపోవచ్చిన పడుగు నిలువు పోగులకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతికేది. పోగు తప్పిపోకుండా ఏదో గొణుక్కునేది. రోజూ భజనకు వెళ్లే నాకు అది జపమనిపించింది. జపం చేసేవాళ్లు తినరు కదా! అందుకే అమ్మ నా చేత పంపిన సంగటి దారిలోనే తినేసేదాన్ని.

ఒకరోజు అవ్వ అడిగింది. "ఏమే, నా సంగటి యాడుండాది?"

"నువ్వు ఉపాసం ఉండావు కదవ్వా!"

అవ్వ పక్కున నవ్వింది. "అవును మే, మగ్గం సామికి ఉపాసం ఉండా. నువ్వే తిను." మళ్లీ పోగులు అందుకుంది.

ఆ కూలితోనే మా మొదటి మగ్గం వచ్చింది.

కొట్టులో అందరూ దేవుడి దయ అన్నారు. నేనూ మనసారా నమ్ముతాను. కానీ విభూతి నుదుటికి పెట్టుకోబోతే చెయ్యి లేవలేదు. ఆ దేవుడు మా కోసం మగ్గాల దగ్గర ఆకలితో కూర్చున్నప్పుడు ఆయన నైవేద్యం తిన్నది నేనే.