కాదన్న సంతకం

నా చిన్నప్పుడు, నాకింకా పదేళ్లు నిండని రోజుల్లో, మా నేత కుటుంబం మొత్తంలో కాలేజీ గడప తొక్కింది మా నాన్న తమ్ముడు, మా చిన్నబాపు ఒక్కడే. హుజూరాబాద్ దగ్గరి మా పల్లె నుంచి కరీంనగర్ వెళ్లి, హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. ఆ మాటెత్తితే చాలు, మా తాత మగ్గం మీదే కూర్చుని మీసం దువ్వేవాడు.

ఆ ఏడు హాస్టల్ బావి నీళ్లు చెడిపోయాయి. పిల్లలు వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. ఒకబ్బాయి చనిపోయాడు కూడా. బావి బాగు చేయించమని చిన్నబాపు గదిలోనే ఉండే ఒక బొగ్గు గని కార్మికుడి కొడుకు అర్జీ రాశాడు. నలభై మంది సంతకాలు పెట్టారు. వార్డెన్ ఒక్కొక్కరినే పిలిచి, ఈ సంతకం నీదేనా, నీకు సీటు ఉండాలా వద్దా అని అడిగాడట. అందరూ మాది కాదన్నారు. చివరికి అందరి పేర్లతో దొంగ సంతకాలు చేశాడని ఆ రాసినవాణ్ణే వెళ్లగొట్టారు.

సెలవుకు వచ్చిన చిన్నబాపు అన్నం తింటూ ఇదంతా చెప్పాడు. "నేను గూడ నాది కాదన్న. బతికిపోయిన అవ్వా," అన్నాడు తల్లితో. నాయనమ్మ దేవుడికి దండం పెట్టింది. తాత మాత్రం కంచం ముందు నుంచి లేచాడు.

ఆయనకు అక్షరం ముక్క రాదు. ఎక్కడైనా వేలిముద్రే. "నేను ఏలుముద్ర ఏసి నాది కాదంటే ఎవడన్న ఇంటడా? నీకు సదువు జెప్పిచ్చింది గిందుకేనారా? పోయి నాదే అని చెప్పు," అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"సీటు పోతది బాపు."

"గా పిలగానిది పోలేదా?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కారు. నేనూ వస్తానని ఏడిస్తే నన్నూ వెంటబెట్టుకున్నారు. వార్డెన్ గదిలో తాత తలరుమాలు తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. వార్డెన్ అర్జీ తీయగానే చిన్నబాపు తన పేరు మీద వేలు పెట్టాడు. "గిది నా సంతకమే సార్. గా రోజు అబద్ధం చెప్పిన. గాయన దొంగ సంతకాలు పెట్టలే," అన్నాడు.

వార్డెన్ ఆ అర్జీ మడిచి సొరుగులో పెట్టాడు. ఆ అబ్బాయి కాగితాల్లో దొంగ సంతకాల మాట కొట్టేస్తానన్నాడు గాని, తిరిగి చేర్చుకోనన్నాడు. చిన్నబాపును సాయంత్రంలోగా పెట్టె సర్దుకోమన్నాడు. వరండాలో నిలబడ్డ పిల్లలంతా విన్నారు. ఒక్కడూ లోపలికి రాలేదు. అయ్యో, ఇంకొక్కడు వచ్చి నాది కూడా అంటే వాళ్ల సొమ్మేం పోయేది! నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆ అబ్బాయి వేరే ఊళ్లో చదువు పూర్తి చేసి బళ్లో పంతులయ్యాడని తర్వాత విన్నాం. చిన్నబాపు మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడు ఇక లేవలేదు. తాతను ఒక్క మాట అనలేదు. తాతే ఆయన ముఖంలోకి చూసి మాట్లాడటం మానేశాడు.

పెద్దయ్యాక నేనూ కాలేజీలో పాఠాలు చెప్పాను. అడిగే హక్కు మీదే, అడిగాక నిలబడే బాధ్యతా మీదే అని పిల్లలకు చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ చిన్నబాపు మగ్గం గుర్తొచ్చేది. తాత చేసింది సరైన పనే, ఎవరడిగినా అదే చెబుతాను. చిన్నబాపు ఎదుట మాత్రం, ఆయన పోయేదాకా, ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు.