నేను రాసిన దొంగ హెడర్ ఫైల్

ఒక చిన్న ఫైల్ బరువును ఏళ్ళ తరబడి మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. నువ్వు నన్నెరగవు గనక నీకు చెబుతున్నాను.

యానాం నుంచి వచ్చి పుదుచ్చేరిలో ఒక చిన్న కంపెనీలో చేరిన కొత్తలో సంగతి. సముద్రంలో తేలే పరికరం పంపే అలల ఎత్తును చూపించే పాత యునిక్స్ ప్రోగ్రాం ఒకటి ఉండేది. దాన్ని కొత్త లినక్స్ యంత్రానికి మార్చి వీరాంపట్టినం జాలర్లకు ఇవ్వాలి. పని ఇద్దరిది. అంకెలు చదివే భాగం ఆర్. కమల రాసింది. వాళ్ళది ఇక్కడే తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. మొత్తాన్ని కంపైల్ చేయించడం, అంటే కొత్త యంత్రం మీద నడిచేలా కూర్చడం, నా వంతు.

కంపైలర్ ఒక హెడర్ ఫైల్ లేదని ఆగిపోయింది. అంకెలోని బైట్లనే ముక్కలను ఏ వరసలో చదవాలో చెప్పే ఫైల్ అది. పాత యంత్రంతోనే పోయింది. కొత్త యంత్రంలో వరస తిరగబడుతుంది, అందుకు తగ్గట్టు మళ్ళీ రాయాలి. నేనేం చేశాను? అదే పేరుతో ఫైల్ సృష్టించి, ఉన్నదున్నట్టే చదవమని రాశాను. ఎర్రర్లు పోయాయి. తెలియక చేశానా? కాదు. అనుమానం ఉంది, కానీ ఆగితే నాకు చేతకాలేదనుకుంటారన్న భయం అంతకన్నా పెద్దదిగా ఉంది.

కమల అడిగింది. "ఆ ఫైలు యాడ దొరికింది అన్నా?"

"పాత డిస్క్‌లోనే ఉందండి."

"సరే, నువ్వు చూసినావంటే చాలు."

పరీక్షకు వాడిన అంకెలు కొత్త యంత్రంలోనే తయారైనవి కాబట్టి అన్నీ సరిపోయాయి. సముద్రంలోని పరికరం మాత్రం పాత వరసలోనే పంపుతుంది. వీరాంపట్టినంలో పరికరానికి కలిపిన రోజు, సముద్రం చాపలా పరుచుకుని ఉంటే తెర మీద తాటిచెట్టును మించిన అలలు. జాలర్లు పగలబడి నవ్వారు. మేనేజర్ అందరి ముందూ కమలను తిట్టాడు. అంకెలు చదివేది ఆమె భాగమే కదా. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ వారంలోనే ఆమెను తీసేశారు. తర్వాత ఆ ఫైల్‌ను నేనే గుట్టుగా దిద్దాను. కమల భాగంలో తప్పు పట్టుకున్నానని నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పునూ తీసుకున్నాను.

మొన్న ఈ ఊళ్ళోనే, మూలకుళంలో, కమల కనిపించింది. పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతోందట.

"అప్పుడు నేను యాడనో తప్పు చేసినా అన్నా. ఏందో ఇప్పటికీ తెలీలే," అంది నవ్వుతూ.

నేను తలూపాను. ఆనాటి అబద్ధం కన్నా ఈ తలూపడమే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

తప్పు ఆమెది కాదు. నాది.

ఆ మాట రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. కానీ ఇంకొకటి కూడా చెప్పాలి. కమల ఇంట్లో తెలుగు మాట్లాడుతుందే గాని, తెలుగు అక్షరాలు చదవడం రాదు. అది తెలిసే నేను దీన్ని తెలుగులో రాశాను.