మెలిదిరిగిన పొగగొట్టం

తడిచీరను పిండి నిలబెట్టినట్టుంటుంది ఆ పొగగొట్టం. ఇంగ్లండులోని సఫోక్ బంకమట్టిని కాల్చి నాలుగొందల యాభై ఏళ్లనాడు కట్టిన ఎర్రింటికి అదే కిరీటం. ఇటుకతో గుమ్మటాలు లేపిన దేశాలు చాలా ఉన్నాయి. ఇటుకకి ఇంత ఒయ్యారంగా నడుం తిప్పడం నేర్పింది మాత్రం ఇక్కడివాళ్లే.

ఆ ఉదయం తాపీమేస్త్రి ఆల్బన్ గ్యారడ్ డెబ్బయ్యో ఏట పరంజా ఎక్కాడు, దాన్ని కూలగొట్టడానికి. ఇటుకలు పెచ్చులూడుతున్నాయి. చూసి వెళ్లిన ఇంజనీరు ఇటుక కుళ్లిపోయిందని, దింపేసి మామూలు గొట్టం కట్టుకోమని రాసిచ్చాడు. ఇంటావిడ మిసెస్ థర్లో సరేనంది.

ఇటుకల మధ్య సందులో ఉలి పెట్టి కొట్టాడు. ఖణేల్మంది. సిమెంట్! ముప్పై ఏళ్లనాడు దాన్ని కూరింది తనే. గట్టిదే మంచిదని, సున్నం ముసలాళ్ల సరుకని ఎగతాళి చేసిన రోజులవి. ఇటుక తాగిన వాన బయటికి పోయే దారి మూసుకుపోయింది. మంచుకాలంలో ఆ నీరు లోపలే గడ్డకట్టి, ఇటుక ముఖాన్నే ఊడగొట్టుకుని బయటపడుతోంది.

సిమెంట్ పెచ్చు లేపితే వెనక పాత సున్నం, తెల్లగా. గోరు దిగింది! ఇన్ని తుఫానుల్లో గొట్టం ఊగినప్పుడల్లా ఇటుకను కాచింది ఆ మెత్తదనమే. ఒక్కో ఇటుకదీ ఒక్కో వంపు. కింది నుంచి ఎవరికీ కనపడని వెనకవైపు కూడా రాతితో రుద్ది నున్నగా చేశారు, ఎవరు మెచ్చుకుంటారని? ఆల్బన్ టోపీ తీశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలీదు.

"ఏమయ్యా, పైన కునుకు తీస్తున్నావా? ఒక్క ఇటుకా దిగదేం?" మిసెస్ థర్లో కేకేసింది.

కిందికి దిగాడు. "అమ్మగారూ, ఇటుకకి రోగం లేదండి. దాని రోగం నేనే."

"పొద్దున్నే పట్టించావా?"

"టీ చుక్క తప్ప ఏమీ లేదండి. మీ మామగారి హయాంలో సిమెంట్ కూరింది నేనే. అదే తినేస్తోంది."

"ఊళ్లో సగం గోడలు నీ చేతివే కదయ్యా! ఈ మాట పొక్కిందంటే నీ పేరేం కాను?"

"పోతే పోయిందండి. వాళ్ల గోడలూ చూడాలి. ముందు మీరొకసారి పైకి రండి."

"ఈ మోకాళ్లతోనా? నీకు మతిపోయింది," అంటూనే నిచ్చెన పట్టుకుంది.

పైన ఆమె గోరు కూడా సున్నంలోకి దిగింది. గాలికి కళ్లు నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

"నీ సిమెంట్ తీసేయ్," అంది చివరికి. "ఇటుకని మాత్రం ముట్టుకోకు."

సుత్తి పక్కన పెట్టి, ఉలిని చేత్తోనే నెట్టడం మొదలుపెట్టాడు ఆల్బన్. సాయంత్రానికి జానెడు సందు శుభ్రమైంది.